జాజికాయ వేసిన గుడ్డు పాలు

నా చిన్నప్పుడు మేము నాచారంలో నాలుగు పోర్షన్ల ఇంట్లో అద్దెకు ఉండేవాళ్లం. మధ్యలో వాకిలి, అందరికీ కలిపి ఒకటే నీళ్ల నల్లా. మా నాన్న దగ్గర్లోని ఫ్యాక్టరీలో గుమాస్తా. ఇప్పుడు ఉప్పల్‌లో మెట్రో దిగి ఆటోలో అటు వెళ్తే నేను పెరిగిన వీధిని నేనే గుర్తుపట్టలేను. ఫ్యాక్టరీ సైరన్ కూడా వినపడదు. ఆ వీధిలో నాకింకా స్పష్టంగా గుర్తున్నది పక్క పోర్షన్ అక్క వంటగది ఒక్కటే.

అక్క, బావ జనగామ దిక్కు నుంచి వచ్చారు. బావ సీసాలు చేసే ఫ్యాక్టరీలో షిఫ్టులకు వెళ్లేవాడు. అక్క సన్నగా, పొడుగ్గా ఉండేది. నల్లా దగ్గర బిందె నిండేలోపు నాకు రెండు జడలు వేసి పంపేది. ఒక ఏడాది వానాకాలంలో అక్కకు దవాఖానాలో కొడుకు పుట్టాడు. నేను ఒక్కసారే చూశాను. పిడికిలి బిగించి నిద్రపోతున్నాడు. పేరు పెట్టే రోజు ఇంకా రాకముందే జ్వరం తగిలి, రెండు పూటల్లో పోయాడు.

అక్క ఏడవలేదు. గోడ వైపు తిరిగి పడుకుంది, అంతే. వాళ్లమ్మ కొన్నాళ్లుండి, నాట్ల పనులు ఆగవని ఊరికి వెళ్లిపోయింది. ఆ తర్వాత వాకిట్లో ఆడవాళ్లంతా వంతులవారీగా అన్నం తెచ్చేవారు, చారు తెచ్చేవారు, పక్కన కూర్చుని ఏవేవో చెప్పేవారు. పళ్లేలు పెట్టినవి పెట్టినట్టే ఉండేవి. "ఏడిస్తెనన్న బాగుండు" అని బయటకు వచ్చాక గుసగుసలాడుకునేవారు. బావ డ్యూటీ నుంచి వచ్చి గుమ్మంలోనే నిలబడిపోయేవాడు. బాలింతకు బలం కావాలని తను ముందే తెచ్చిపెట్టిన గుడ్లు వంటగదిలో ఒక బుట్టలో అలాగే ఉన్నాయి.

మాది గుడ్డు ముట్టని ఇల్లు. మా నాయనమ్మ అయితే మరీ పట్టింపు మనిషి. అలాంటి నాయనమ్మ ఒకరోజు పొద్దున నా చెయ్యి పట్టుకుని అక్క మంచం దగ్గరికి తీసుకెళ్లింది.

"పోరి జొరమొచ్చి లేసిన కానుంచి సిక్కి సగమైంది బిడ్డా. డాక్టర్ గుడ్డు పాలు తాపుమన్నడు. మా ఇంట్ల గుడ్డు పెట్టరు, నాకు చేసుడు రాదు. జర నువ్వే చేసి తాపుతవా?"

నాకు జ్వరం వచ్చిన మాట నిజమే కానీ అది ఎండాకాలంలో. నేను నోరు తెరవబోతే నాయనమ్మ నా వేళ్లు గట్టిగా నొక్కింది. అక్క కదల్లేదు. నాయనమ్మ బతిమాలనూ లేదు. నన్ను గడప మీద కూర్చోబెట్టి వెళ్లిపోయింది.

చాలాసేపు అలాగే కూర్చున్నాను. చివరికి అక్క గోడ వైపు నుంచే అడిగింది.

"స్టవ్ ముట్టియ్యొస్తదా నీకు?"

"రాదక్కా."

ఆమె మెల్లగా లేచింది. గోడ పట్టుకుంటూ వంటగదిలోకి నడిచింది. కిరోసిన్ స్టవ్ మీద పాలు పెట్టి, గుడ్డు పగలగొట్టి, పచ్చసొన ఒక్కటే గిన్నెలోకి తీసింది. చక్కెర వేసి చెంచాతో గిలకొట్టసాగింది. ముదురు పసుపు మెల్లమెల్లగా లేతబడి, నురగలా అయింది. కాగిన పాలను సన్నటి ధారగా పోస్తూ, కలుపుతూనే ఉంది.

"ఒక్కసారే పోస్తే గుడ్డు ఉడికి ముద్దలైతది" అంది. బిడ్డ పోయాక ఆమె నోటి నుంచి నేను విన్న మొదటి పొడుగు మాట అదే.

రెండు గ్లాసుల్లో తిరగబోసి నా చేతికిచ్చింది. నీసు వాసన. ముక్కు మూసుకుని తాగాను. చివరి గుక్క దాకా అక్క నా గొంతునే చూస్తూ నిలబడింది. ఇంటికెళ్తే నాయనమ్మ నల్లా దగ్గర పుక్కిలింపజేసి గానీ లోపలికి రానివ్వలేదు. మా అమ్మ మాత్రం రెండు రోజులు నాయనమ్మతో మాట్లాడలేదు.

ఆ రోజు నుంచి పొద్దున్నే వెళ్లేదాన్ని. నా కోసం అక్క లేచేది. ఎలాగూ లేచాను కదా అని ఇల్లు ఊడ్చేది, ఒక్కోసారి ఒక ముద్ద తినేది. ఆ దినాల్లో ఆమె జాకెట్టు ముందు భాగం తడిసి ఉండేది. చూసుకోకుండా పాలు ఒలకబోసుకుందేమో అనుకునేదాన్ని. నేను తల్లినయ్యాక గానీ అవేం పాలో నాకు తెలియలేదు.

వాసన భరించలేక ఒకరోజు నాయనమ్మ దగ్గర ఏడ్చాను. ఆమె కొంగుతో నా ముఖం తుడిచింది.

"జర జాజికాయ అరగదీసి ఎయ్యమను. వాసన పోతది."

"మన డబ్బాలో ఉంది కదా, తీసుకుపోతా."

"మనది పాతది. అక్కనే అడుగు."

అడిగాను. అక్క చేతిలో చెంచా ఆగిపోయింది. కొంచెంసేపటికి మంచం కింద నుంచి చిన్న రేకు పెట్టె బయటకు లాగింది. అందులో పాత చీరలు చింపి మడతపెట్టిన మెత్తటి గుడ్డలు, సానరాయి, వసకొమ్ము, జాజికాయ ఉన్నాయి. మనవడికి ఉగ్గులో అరగదీసి పెట్టాలని వాళ్లమ్మ ఊరి నుంచి తెచ్చినవి. జాజికాయ మీద ఒక్క గీత కూడా పడలేదు.

అక్క రాయి మీద నీటిచుక్కలు వేసి అరగదీయడం మొదలుపెట్టింది. గదంతా ఆ వాసన కమ్ముకుంది. నా గ్లాసుకు చాలినంత ఎప్పుడో అయిపోయింది, కానీ చెయ్యి ఆగలేదు. వెనక పాలు పొంగి స్టవ్ మీద పడుతున్నా చూడలేదు.

"ఒక్కనాడన్న నీకియ్యకపోతి కదరా కొడుకా..." అంది. అన్నాక ఒక అరుపు వచ్చింది. మనిషి గొంతులోంచి అలాంటి శబ్దం వస్తుందని నాకప్పటిదాకా తెలియదు.

నేను భయపడి బయటికి పరిగెత్తబోయాను. గుమ్మంలోనే నాయనమ్మ. అప్పుడు వచ్చిందో, అంతకుముందు నుంచే అక్కడ నిలబడి ఉందో! లోపలికొచ్చి స్టవ్ ఆర్పి, నేల మీద కూర్చుని, అక్క తలను ఒళ్లోకి తీసుకుంది. ఏడవద్దు అనలేదు. నన్ను చూసి, "యాడికీ పోకు, ఈడ్నే కూసో" అంది. ఏం చేయాలో తెలియక అక్క కాలి బొటనవేలు పట్టుకుని కూర్చున్నాను. మధ్యాహ్నం షిఫ్టు సైరన్ మోగేదాకా ఆమె ఏడుస్తూనే ఉంది.

మర్నాడు వెళ్లడానికి భయపడ్డాను. అక్కే గుమ్మంలోకి వచ్చి, "పాలు కాగినయి, రా" అని పిలిచింది. ఆ రోజు గుడ్డు పాలలో జాజికాయ ఉంది. వాసన నిజంగానే పోయింది.

అక్క మళ్లీ మామూలు మనిషి అయిందని చెప్పలేను. నీళ్లకు వచ్చేది, వండేది, నాకు జడలు వేసేది. వీధిలో ఎక్కడైనా పసిబిడ్డ ఏడిస్తే బిందె వదిలేసి లోపలికి వెళ్లిపోయేది. మరుసటి ఏడు ఇద్దరూ సామాను సర్దుకుని జనగామ వెళ్లిపోయారు. వాళ్లకు మళ్లీ పిల్లలు పుట్టారో లేదో నాకు తెలియదు.

డాక్టర్ గుడ్డు పాలు తాగించమని ఎప్పుడూ చెప్పలేదని మా అమ్మ చాలా ఏళ్లకు చెప్పింది. నాయనమ్మ మంచాన పడ్డాక, అక్కతో అలా ఎందుకు చెప్పావని ఒకసారి అడిగాను.

"అందరు ఆమెకు పెట్టనీకె వచ్చిన్రు" అంది నాయనమ్మ. "తీసుకునుడు ఆమెతోని అయితలేకుండె. పాలున్న తల్లి గదనే. పాణమంత ఇయ్యాలె ఇయ్యాలె అంటది."

"మరి జాజికాయ? ఆ పెట్టె సంగతి నీకు తెలుసా?"

ఆమె అటు వైపు తిరిగి పడుకుంది. "ఆ ముచ్చట ఒద్దు బిడ్డా."

నేను మళ్లీ అడగలేదు. అది దయో, కాఠిన్యమో ఈ వయసులోనూ తేల్చుకోలేకపోతున్నాను. కానీ దుఃఖంలో ఉన్న ఇంటికి వెళ్లేటప్పుడు ఏం పట్టుకెళ్లాలి అని కాక, ఏం అడగాలి అని ఆలోచించడం మాత్రం నాకు అక్కడే అలవాటైంది.

ఇప్పుడు మేము నారపల్లిలో ఉంటున్నాం. ఈ మధ్య మా ఎదురింటి ఆమెకు చేతికందిన కొడుకు పోయాడు. తెలిసినవాళ్లందరూ క్యారియర్లు పంపారు. అవి గుమ్మం పక్కనే వరుసగా ఉండిపోయేవి. ఒక సాయంత్రం నేను ఖాళీ గిన్నె పట్టుకుని వెళ్లి తలుపు కొట్టాను.

"ఇంట్ల పెరుగు అయిపోయిందమ్మా. జర తోడుకు ఇస్తవా?"

మా ఇంట్లో గిన్నెడు పెరుగు ఉంది. ఆమె చాలాసేపు నన్ను అర్థం కానట్టు చూసింది. తర్వాత నా చేతిలోంచి గిన్నె అందుకుని లోపలికి నడిచింది. ఫ్రిజ్ తలుపు తెరిచిన చప్పుడు వినిపించేదాకా నేను గుమ్మంలోనే నిలబడ్డాను.