కేతేపల్లి అవ్వ, నా పుచ్చిపన్ను

దంతవైద్య కాలేజీలో సహాయకురాలిగా శిక్షణ పొందుతున్న నన్ను నల్లగొండ దవాఖానకు పంపారు. ఈ రోజు కేతేపల్లి నుంచి గొర్రెలు కాసే అవ్వ ఒకామె బండి మీద వచ్చింది. దవడ వాచి అన్నం తినలేకపోతోంది. అయినా కొంగు అడ్డం పెట్టుకుని నోరు తెరవదు.

"ముందుగాల నువ్వు తెరువు బిడ్డా, జర సూస్త" అంది.

తెరిచాను.

"అయ్యో, నీ పన్ను గూడ పుచ్చింది గదా! నొస్తలేదా?"

"నొస్తది అవ్వా. తీయించుకుందామంటే భయమైతాంది."

అవ్వ నవ్వి కొంగు తీసింది. డాక్టరుగారు ఆమె పన్ను తీస్తున్నంతసేపూ నా చెయ్యి వదల్లేదు. తర్వాత దూది కరచుకునే, నన్ను కుర్చీలో కూర్చోమని సైగ చేసింది. డాక్టరుగారు నా పన్ను తీసేదాకా పక్కనే నిలబడి తల నిమిరింది.

బుగ్గ ఇంకా సలుపుతోంది. మా ఇద్దరిలో సహాయకురాలు ఎవరో మీరే చెప్పండి.