బానెట్ ఎత్తని రోజు

వీధి నిండా సాఫ్ట్‌వేర్ కుర్రాళ్ల కొత్త కార్లు దిగుతున్న రోజుల్లో కూడా, ఫిల్మ్‌నగర్‌లో మా పక్కింటి సౌండ్ ఇంజనీరు తన తండ్రి నాటి ఎర్ర స్పోర్ట్స్ కారులోనే రోజూ స్టూడియోకి వెళ్లేవాడు. అది ఊరికే వేడెక్కేది. ఎక్కడ ఆపినా ముందు బానెట్ ఎత్తి, ఇంజను చల్లబడేదాకా పక్కనే నిలబడేవాడు.

ఒక మే మధ్యాహ్నం నాకు గుండెల్లో నొప్పి మొదలైంది. ఫోను చేసినా అంబులెన్స్ జాడ లేదు. అతనే నన్ను తన కారులో కూర్చోబెట్టాడు.

"ఇది బంజారా హిల్స్ ఆసుపత్రి దాకా వెళ్తుందా బాబూ?" అంది మా ఆవిడ భయంగా.

"పోతది అమ్మా. రెండే సీట్లు, మీరు ఆటోల రండ్రి."

చెక్‌పోస్ట్ దగ్గర ట్రాఫిక్ ఆగిపోయింది. వేడి చూపే ముల్లు ఎర్ర గీతను తాకింది. అతను చటుక్కున హీటర్ పూర్తిగా తిప్పాడు. నిప్పులాంటి గాలి నా ముఖానికి కొట్టింది.

"నన్ను చంపేస్తావా ఏంటయ్యా?"

"ఇంజన్ల వేడి గిట్లనే బయటికి గుంజాలె సార్. జర ఓర్చుకోండ్రి. బండి ఆగితే ఇద్దరం గీడనే."

ఆసుపత్రి గుమ్మం చేరేసరికి బానెట్ సందుల్లోంచి ఆవిరి చిమ్ముతోంది. లోపల ఏదో ఫట్‌మని పగిలింది. అతను అటు చూడనైనా లేదు. నన్ను ఎత్తుకుని లోపలికి పరుగెత్తాడు.

"బండి చూసుకో బాబూ," అన్నాను.

"మీరు మాట్లాడకండ్రి సార్," అని, డాక్టరు వచ్చేదాకా నా స్ట్రెచర్ పక్కనే నిలబడ్డాడు.