ఎడమ చెయ్యి పొడుగు చొక్కా

మా ఆయన దర్జీ. మా ఊరి ఫుట్‌బాల్ జట్టు ఆడేది అట్టడుగు డివిజన్‌లో. అది ఓడినన్నాళ్ళూ నా సంసారం సుఖంగా సాగింది. ఈయన మ్యాచ్ నుంచి మూతి ముడుచుకుని వచ్చి, ఆ కసంతా కుట్టుమిషను మీద తీర్చుకునేవాడు. తెల్లారేసరికి బట్టలన్నీ గుండీలతో సహా సిద్ధం.

ఈ ఏడు వాళ్ళకేం పూనిందో, వరసపెట్టి గెలుస్తున్నారు. ఈయన కాళ్ళు నేల మీద ఆనడం లేదు. కొలతలకు వచ్చినవాళ్ళందరికీ ఆటను అభినయించి చూపించడమే. టేపు మెడలో, చూపు మైదానంలో.

మొన్న పోస్టుమాస్టరు గారు కొత్త చొక్కా తొడుక్కుని గుమ్మంలో ప్రత్యక్షమయ్యారు. కుడి చెయ్యి బాగానే ఉంది. ఎడమది వేళ్ళు దాటి వేలాడుతోంది.

"ఇదేంటయ్యా?" అన్నారు.

నాకు తల కొట్టేసినట్టయింది. ఈయన బుర్ర గోక్కున్నాడు.

"మన గోల్‌కీపర్ బంతి ఎలా ఆపాడో చూపిస్తూ కొలిచాను కదండీ. మణికట్టు దగ్గర ఆగాల్సిన టేపు బంతి దాకా పోయింది."

"సిగ్గు లేకపోతే సరి! ముందు ఆ కత్తెర అందుకో," అని కసిరాను.

పోస్టుమాస్టరు గారు చెయ్యి చటుక్కున వెనక్కి లాక్కున్నారు.

"మన గోల్‌కీపర్ నిజంగా ఇంత దూరం చెయ్యి చాచాడా?"

"ఒట్టు!"

"అయితే కత్తెర పెట్టకు."

ఇప్పుడాయన ఆ చెయ్యి మడిచి ఆఫీసులో కూర్చుంటున్నారు. ఎవరైనా జట్టు మాటెత్తితే చాలు, స్టాంపులు పక్కన పెట్టి మడత విప్పుతున్నారట.

పొద్దున ఇద్దరొచ్చారు, అలాంటి చెయ్యే కావాలని. ఈయన ఇంట్లో లేడు. ఏం చేస్తాను? నడుం బిగించి, టేపు పట్టుకుని నేనే దూకి చూపించాను.