చూసిన కన్ను, పట్టిన చెయ్యి

మా పెద్దమ్మ ఇరవై ఆరేళ్లు ఆసుపత్రి లాండ్రీలో పనిచేసింది. నీళ్లకు, ఆవిరికి ఆమె వేళ్లు ఎప్పుడూ నానిన పప్పులా ముడతలు పడి ఉండేవి. అక్కడ ఆమెకు జత కబుర్లక్క. నోరు మూస్తే ఊపిరాడదన్నట్టు మాట్లాడేది కాబట్టి ఆ పేరు. చలికాలం పొద్దున్నే యంత్రంలోంచి తీసిన మొదటి వేడి తువ్వాలు తను కప్పుకునేది కాదు. పెద్దమ్మ భుజాల మీద వేసి, "కప్పుకోవే, ఈ ఎముకలతోనే ఇంకా ముసలిదానివి కావాలి" అనేది. అలాంటి మనిషితో పెద్దమ్మ తొమ్మిదేళ్లు మాట్లాడలేదు. ఒక్క రూపాయి బిళ్ళ కోసం.

బట్టలారబెట్టే పెద్ద యంత్రం ఓ రోజు గరగరమని ఆగిపోయింది. మెకానిక్కు వచ్చి డ్రమ్ము ఊడదీస్తే సందులోంచి ఒక నాణెం జారి నేల మీద దొర్లుకుంటూ పోయింది. "అదిగో, అదిగో!" అని కబుర్లక్క అరిచింది. పెద్దమ్మ వంగి పట్టుకుంది. చూస్తే మామూలు బిళ్ళలా లేదు. మిగతావాటికన్నా కాస్త చిన్నది. అంచు గట్టు కట్టినట్టు లావుగా పైకి లేచి, పక్కనున్న అక్షరాలను సగం మింగేసింది. మధ్యలో బొమ్మ మాత్రం నిక్షేపంలా ఉంది.

మెకానిక్కు చేతులు తుడుచుకుంటూ చూశాడు. "టంకశాలలో అచ్చు తప్పిందేమో! ఇలాంటివాటికి లక్షలిస్తారట. మరి నాకు టీ ఎప్పుడిప్పిస్తారు?" అని నవ్వి, సామాన్ల పెట్టె సర్దుకుని వెళ్లిపోయాడు. ఆయన ఏదో పొద్దుపోక అన్న మాట అది.

"ముందు చూసింది నేను" అంది కబుర్లక్క.

"పట్టుకుంది నేను."

"నేను అరవకపోతే నువ్వు వంగేదానివా?"

"అరిస్తే చేతికొస్తుందా? కాకి కూడా అరుస్తుంది."

'కాకి' అన్న ఆ మాట దగ్గర తెగింది. లాండ్రీలో జనం కూడా రెండుగా చీలారు. చూసిన కన్నుదని సగం మంది, పట్టిన చెయ్యిదని సగం మంది.

దుప్పటి మడవడానికి ఇద్దరు కావాలి. చెరో కొస పట్టుకుని లాగాలి, దులపాలి, ఎదురెదురుగా నడిచొచ్చి కొసలు కలపాలి. సూపర్‌వైజరు జతలు మార్చలేదు. రోజుకు రెండు వందల దుప్పట్లు. రెండు వందల సార్లు వేళ్లకు వేళ్లు తగిలేవి, మొహాలు మాత్రం గోడల వైపు ఉండేవి. తొమ్మిదేళ్లు అలాగే గడిచాయి.

పెద్దమ్మ ఆ బిళ్ళను అమ్మలేదు, ఎవరికీ చూపించనూ లేదు. అమ్మితే సగం ఇవ్వాలి. ఇవ్వకపోతే పాపం, ఇవ్వడానికి మనసొప్పదు. గుండీల డబ్బాలో అడుగున దాచి, ఎప్పుడైనా తీసి గుడ్డతో తుడిచి మళ్లీ దాచేది.

కబుర్లక్క ఊపిరితిత్తులు చెడి మంచం పట్టిందని తెలిసిన రోజు పెద్దమ్మ అన్నం ముట్టలేదు. "దాని సగం దానికిచ్చేస్తాను. ఈ బరువుతో దేవుడి ముందు నిలబడలేను" అంటూ బిళ్ళ తీసుకుని గడియారాల తాత కొట్టుకు బయల్దేరింది. ఆయన గడియారాలు బాగుచేస్తూనే పాత నాణేలు కూడా చూస్తాడు.

ఆయన ముందు స్టూలు జరిపి, ఫ్యాను ఆమె వైపు తిప్పాడు. కంటికి భూతద్దం బిగించి అంచు చుట్టూ చూశాడు. తూకం వేశాడు. అదే రకం మంచి బిళ్ళ తీసి దాని మీద పెట్టి చూపించాడు.

"ఎక్కడ దొరికిందమ్మా?"

"బట్టలారబెట్టే యంత్రంలో."

ఆయన నవ్వలేదు. అది ఆయన మంచితనం. సొరుగులోంచి ఓ చిన్న డబ్బా తీసి మూత తెరిచాడు. అందులో అలాంటివే ఏడెనిమిది ఉన్నాయి, గట్టు కట్టిన అంచులతో.

"అచ్చులో తప్పు జరిగితే నాణెం పుట్టేటప్పుడే, ఆ ఒక్క దెబ్బలోనే జరిగిపోవాలి తల్లీ. దీని అంచు చూడు, సుత్తితో కొట్టినట్టు ఎన్ని సొట్టలో! డ్రమ్ము సందులో ఇరుక్కుని, తిరిగినన్నాళ్లూ అంచు మీద దెబ్బలు తిన్నది. అందుకే గట్టు లేచి కుంచించుకుపోయింది. ఇది టంకశాల తప్పు కాదు, మీ యంత్రం చేసిన పని."

"అయితే ఎంతొస్తుంది?"

"కొట్లో ఇస్తే చెల్లదేమో కూడా."

చూసినందుకు ఆయన పైసా తీసుకోలేదు. మెట్టు దిగేటప్పుడు చెయ్యందించాడు.

పెద్దమ్మ అటునుంచి అటే కబుర్లక్క ఇంటికి వెళ్లింది. తొమ్మిదేళ్ల తర్వాత మొదటిసారి ఆమె మంచం పక్కన కూర్చుని, ఉన్నదున్నట్టు చెప్పి బిళ్ళ చేతిలో పెట్టింది.

కబుర్లక్క దాన్ని కాసేపు తిప్పి చూసింది. "అసలుది అమ్మేసి, ఇది ఎక్కడ సంపాదించావే?"

"ఇదే అసలుది. నీ మీదొట్టు."

"పోయేదాని మీద ఒట్టేస్తే నీకేం నష్టం?" అని దగ్గింది. కోడలు నీళ్లిచ్చి, పెద్దమ్మను గుమ్మం దాకా సాగనంపింది. "ఇవ్వాల్సిందేదో ఇచ్చేయండి పిన్నిగారూ. రాత్రీ పగలూ అదే మాట. ఆ మాట మీదే ప్రాణం పెట్టుకుని ఉంది" అంది మెల్లగా.

మర్నాడు పెద్దమ్మ పళ్లు కట్టించుకుందామని దాచుకున్న డబ్బంతా కవరులో పెట్టి తీసుకెళ్లింది.

"నిన్న అబద్ధం చెప్పానక్కా. అమ్మేశాను. ఇది నీ సగం."

నాకు తెలిసి పెద్దమ్మ తన జన్మలో ఆడిన అబద్ధం అదొక్కటే.

కబుర్లక్క మొహం విచ్చుకుంది. దిండుకు ఆనుకుని లేచి కూర్చుంది. "చూశావా! అది అచ్చు తప్పేనని నేను చెప్పలా?" అని కోడలి వైపు తిరిగింది. "దీన్ని దొంగ దొంగ అంటే నువ్వు నమ్మలేదుగా! ఇప్పుడు దాని నోటితోనే విను." కోడలు తల దించుకుంది. పెద్దమ్మ కూడా దించుకుంది.

కవరు దిండు కింద పెట్టుకుని కబుర్లక్క చాలాసేపు పెద్దమ్మ మొహంలోకి చూసింది.

"మరి నీ సగం ఏం చేశావే?"

"తినేశాను" అంది పెద్దమ్మ.