షూటింగు నాటి కొవ్వూరు లాంచీ

రాజమండ్రి రేవుల నుంచి కొవ్వూరు వైపు తిరిగే లాంచీల ఆఫీసులో నేను గుమాస్తాగా పనిచేసిన రోజులవి. గోదావరి మీద రోడ్డు వంతెన అప్పటికే వచ్చేసింది. అయినా బస్సెక్కి చుట్టూ తిరిగి రావడం కంటే, లాంచీ దిగితే నేరుగా బజారులోకి నడిచిపోవచ్చని కూరగాయలవాళ్లు, పాలవాళ్లు, కోర్టు పనుల మీద వచ్చేవాళ్లు లాంచీలనే పట్టుకుని ఉండేవారు. ఏ లాంచీ ఏ రేవు నుంచి ఎప్పుడు కదలాలో చూడటం నా పని. మద్రాసు నుంచి సినిమావాళ్ల రాక ఎక్కువయ్యాక, వాళ్లకు లాంచీ ఇచ్చి, నదిలో ఎక్కడ నిలపాలో చెప్పి, మామూలు జనానికి ఇబ్బంది లేకుండా చూసే బాధ్యత కూడా నా మీదే పడింది.

ఆ ఏడు వానలు ముందుగా వచ్చాయి. వరద నీటితో నది ఎర్రబడింది. ఆ సమయంలో ఒక సినిమా యూనిట్టు దిగింది. హీరోయిన్ లాంచీ ముందు భాగంలో నిలబడి పాట పాడాలి. ఆవిడ మళ్లీ ఎప్పుడు దొరుకుతుందో తెలియదు కాబట్టి నీరు తగ్గేదాకా ఆగలేమన్నారు. లాంచీ ఇవ్వడం వరకూ నాకూ అభ్యంతరం లేదు. కానీ ప్రొడక్షన్ మేనేజరు ఇంకో కోరిక కోరాడు.

"ఖాళీ నది ఏం బాగుంటుందండీ? వెనకాల మీ మామూలు లాంచీ జనంతో వెళుతూ ఉండాలి. అప్పుడే కదా గోదావరి అనిపించేది!"

"వరద నీరండి. జనం ఉన్న లాంచీని దగ్గరికి రానివ్వలేం," అన్నాను.

లాంచీల యజమాని, మేమంతా షావుకారు గారని పిలిచే ఆయన, కుర్చీలో ముందుకు వంగారు. "ఏమయ్యా, దూరంగానే పోనిద్దూ. రోజూ తిరిగే దారేగా?"

ఆయన మాటకు ఎదురు చెప్పే అలవాటు నాకు లేదు. చివరికి ఒక ఒప్పందానికి వచ్చాం. సినిమా లాంచీ, మామూలు లాంచీల దారికి బాగా ఎగువన లంగరు వేసుకోవాలి. నేను అందులోనే ఉంటాను. ఏమాత్రం తేడా అనిపించినా ఎర్రగుడ్డ ఎత్తుతాను. అది కనిపించగానే కొవ్వూరు లాంచీ నడిపే సరంగు దిగువకు మళ్లిపోవాలి. ఆ సరంగును ముందురోజే కలిసి అంతా చెప్పాను. "మీరు ఎత్తండి, నేను చూసుకుంటా," అన్నాడాయన. ఆ రాత్రి నాకు సరిగ్గా నిద్ర పట్టలేదు.

మర్నాడు పొద్దున్నే సినిమా లాంచీ నది మధ్యకు తీసుకెళ్లి నిలిపాం. కెమెరా బిగించేవాళ్లు, లైటు కోసం తగరపు రేకు అతికించిన అట్టలు పట్టుకునేవాళ్లు, మేకప్పువాళ్లు, అందరూ ఎవరి హడావుడిలో వాళ్లున్నారు. నేను మాత్రం ఒడ్డు మీద ఒక గుడి గోపురాన్ని గురుతు పెట్టుకుని దాన్నే చూస్తున్నాను. కాసేపటికి ఆ గోపురం ఉండాల్సిన చోట లేదు. మేం జరిగాం. ప్రవాహానికి లంగరు పట్టు సడలి, లాంచీ కొంచెం కొంచెంగా దిగువకు, అంటే మామూలు లాంచీ వచ్చే దారిలోకి జారుతోంది.

"దిగువకు జారిపోతున్నామండీ. లంగరు ఎత్తి మళ్లీ పైకి వెళదాం," అన్నాను ప్రొడక్షన్ మేనేజరుతో.

"ఇప్పుడా? అదిగో, మీ లాంచీ వచ్చేస్తోంది. ఒక్క షాటు!"

కొవ్వూరు వైపు నుంచి లాంచీ నిజంగానే వచ్చేస్తోంది. నిండుగా ఉంది. పైన గంపలు, అంచుల వెంట పాల క్యాన్లు, గొడుగులు. నేను గుడ్డ చేతిలోకి తీసుకునేలోపే ఎవరో పాట పెట్టారు. లౌడ్‌స్పీకరు మోతకు నది అంతా ఉలిక్కిపడ్డట్టయింది. హీరోయిన్ ఎర్రంచు పట్టుచీరలో ముందుకొచ్చి చెయ్యి ఊపింది.

అంతే. ఆ లాంచీలో ఉన్నవాళ్లంతా ఒక్కసారిగా ఎడమ పక్కకు వచ్చేశారు. పిల్లల్ని ఎత్తి పట్టుకున్నారు. లాంచీ మా వైపు, ఎగువకు ఒరిగింది. ఆ పక్కకు ఒరిగితే ప్రవాహం వచ్చి నేరుగా లోపలికి కొడుతుంది. గుడ్డ ఎత్తి పిచ్చివాడిలా ఊపాను. సరంగు చూశాడు. కానీ మళ్లించలేకపోయాడు. అంత ఒరిగి ఉండగా చుక్కాని తిప్పితే పూర్తిగా పడిపోతుందని ఆయన భయం. లోపలివాళ్ల మీద కేకలు వేస్తున్నాడు. పాట హోరులో ఆయన నోరు కదలడమే కనిపిస్తోంది.

అప్పుడు చూశాను. అంచు కమ్మీ పట్టుకుని మా ఆవిడ. చంకలో మా చిన్నపిల్ల. కొవ్వూరులో పుట్టింటికి వెళ్లింది, రేపు కదా రావాల్సింది!

"పాట ఆపండి!" అని అరిచి, అసిస్టెంటు చేతిలోని మైకు లాక్కున్నాను. "వెనక్కి వెళ్లండి! వెనక్కి వెళ్లండి!" అన్నాను. పాట ఆగింది. కానీ నా గొంతులో భయం వాళ్లకు తెలిసిపోయినట్టుంది. కొందరు కెవ్వుమని అవతలి పక్కకు పరిగెత్తారు. లాంచీ అటు ఊగి, మళ్లీ ఇటు ఇంకా లోతుగా వంగింది. ఒక గంప జారి నీళ్లలో పడి, వంకాయలు తేలుతూ పోయాయి.

హీరోయిన్ నా పక్కకు వచ్చింది.

"అమ్మా, మీరు కిందికి వెళ్లిపోండి. మీరు కనిపించకపోతే వాళ్లు తగ్గుతారు," అన్నాను.

"నేను దాక్కుంటే వెతకడానికి ఇంకా ముందుకొస్తారు. అదిలా ఇవ్వండి," అంది.

మైకు తీసుకుని, పక్కింటివాళ్లను పలకరించినట్టు మొదలుపెట్టింది. "నేను మీతో మాట్లాడాలండీ. ఎక్కడివాళ్లు అక్కడే కూర్చోండి. ఎవరూ ఎటూ నడవొద్దు. చూడండి, నేనూ కూర్చుంటున్నా." అంటూనే ఆ పట్టుచీరతో తడి చెక్కల మీద చతికిలబడింది. మేకప్పు ఆవిడ "అయ్యో చీర!" అంది. ఎవరూ పట్టించుకోలేదు.

ముందు ముసలావిడ ఒకామె కూర్చుంది. ఆమె పక్కన ఇద్దరు. తర్వాత వరసగా, గాలికి చేను వాలినట్టు, అందరూ కూర్చున్నారు. మా ఆవిడ ఇంకా నిలబడే ఉంది. కమ్మీ వదలడానికి ఆమెకు చెయ్యి రావడం లేదని నాకు అర్థమైంది. హీరోయిన్ కూడా ఆమెనే చూసి మళ్లీ మైకు ఎత్తింది.

"పిల్లనెత్తుకున్న అమ్మా, నిన్నే. ఆకుపచ్చ చీర. పాపని ఒళ్లో పెట్టుకుని కూర్చో తల్లీ. నీ పక్కన చోటుంది."

మా ఆవిడ కూర్చుంది. లాంచీ నెమ్మదిగా, ఎంతో నెమ్మదిగా నిటారుగా లేచింది. సరంగు అంగుళం అంగుళంగా చుక్కాని తిప్పి దిగువకు మళ్లించాడు. అది రేవు దగ్గరయ్యే దాకా హీరోయిన్ మాట్లాడుతూనే ఉంది. గంపల్లో ఏమున్నాయని అడిగింది. వంకాయలు పోయినావిడెవరని అడిగింది. లాంచీలో నవ్వులు వినిపించాయి. అది రేవుకు తగలగానే ఆవిడ మైకు కింద పెట్టి, రెండు చేతులూ మోకాళ్ల మధ్య నొక్కుకుంది.

"చాలా బాగా కవర్ చేశారు మేడమ్," అన్నాడు డైరెక్టరు. తర్వాత నా వైపు తిరిగి, "ఇంకో లాంచీ ఎప్పుడొస్తుంది? ఈసారి పాట లేకుండా తీద్దాం," అన్నాడు.

"రాదండి," అన్నాను.

"అంటే?"

"మీరు ఇక్కడున్నంతసేపూ ఈ దారిన ఏ లాంచీ రాదు. నేను ఆపేస్తున్నాను."

ఆయన షావుకారు గారి పేరెత్తాడు. మాట్లాడుకోండి అన్నాను. అంత మాట అనగలనని నాకే తెలియదు. చిన్న పడవలో రేవుకు వచ్చి, రెండు ఒడ్లకూ కబురు పంపి, ఆ పూటకు సర్వీసును దిగువ రేవుకు మార్చాను.

సాయంత్రం షావుకారు గారు పిలిపించారు. నిలబెట్టే అడిగారు. "నన్నొక్క మాట అడక్కుండా లాంచీలు ఆపేశావట?"

"ఆపానండి."

"మీ ఆవిడ అందులో ఉందటగా. లేకపోతే ఆపేవాడివా?"

ఆ ప్రశ్న మధ్యాహ్నం నుంచీ నన్ను నేనే అడుగుతూ ఉన్నాను. "ఆవిడ కనిపించకముందే గుడ్డ ఎత్తానండి," అన్నాను.

ఆయన తలూపారు. సరంగు అప్పటికే వచ్చి జరిగింది చెప్పి వెళ్లాడని నాకు తర్వాత తెలిసింది. "సరే. ఇకనుంచి షూటింగు ఉన్న రోజున జనం లాంచీ వేరే రేవు నుంచే నడవాలి. ఎవరడిగినా నా మాటగా చెప్పు," అన్నారు. నేనా ఉద్యోగంలో ఉన్నంతకాలం అది అలాగే సాగింది.

ఇంటికి వెళ్లేసరికి మా అరుగు నిండా చుట్టుపక్కల ఆడవాళ్లు. మా ఆవిడ మధ్యలో కూర్చుని చెబుతోంది. "అంతమందిలో నన్నే పిలిచింది వదినా! తల్లీ అంది!" వాళ్లంతా ఆశ్చర్యపోతున్నారు. నన్ను చూసి ఒక్కొక్కరే లేచి వెళ్లారు.

లోపలికి వెళ్లాక అడిగాను. "రేపు కదా వస్తానన్నావు?"

"షూటింగు ఉందంటే ఆగలేకపోయానండీ." పిల్ల గౌను దండెం మీద ఆరేస్తూ నా వైపు తిరగకుండానే అంది. "నీళ్లు అంచు దాటి నా పాదాల మీదికొచ్చాయి. చల్లగా తగిలాయి. వాళ్లకెవరికీ చెప్పలేదు."

నేను వెళ్లి నిద్రపోతున్న పిల్ల పక్కన కూర్చున్నాను. అన్నం పెట్టానని ఆవిడ రెండుసార్లు పిలిచేదాకా అక్కడి నుంచి లేవలేదు.