పరీక్ష నడిచిన గుర్తు

పుంగనూరు పాలకేంద్రంలో తూకం వేసే మనిషిని నేను మొదటినుంచీ అనుమానంగానే చూశాను. దానికి కారణం ఒక్క ప్రశ్న. తూకాన్ని కంప్యూటర్‌కు కలిపిన రోజు అతను నా పక్కన నిలబడి, "ఈ అంకె మనం మార్చాలంటే మారతాదా సార్?" అని అడిగాడు. మారదన్నాను. ఎందుకు అడిగావని మాత్రం అడగలేదు. మదనపల్లెకు తిరిగొచ్చే బస్సులో ఆ ప్రశ్ననే తిప్పితిప్పి చూసుకున్నాను.

రెండువేల సంవత్సరం దాటిన తొలి ఏళ్ళవి. మదనపల్లెలో నాకో చిన్న కంప్యూటర్ల దుకాణం ఉండేది. ఊళ్ళనుంచి వచ్చే క్యాన్లను తూచి, ఖాళీ క్యాను బరువు తీసేసి, పాల బరువు చీటీ మీద అచ్చయ్యే ఏర్పాటు చేయమని ఆ కేంద్రం యజమాని నన్ను పిలిచాడు. అందుకోసం నా కోడ్ కొంత కెర్నల్‌లో చేరాలి. కెర్నల్ అంటే కంప్యూటర్ వెలిగినంతసేపూ అన్నిటికీ అడుగున నడిచే మూల ప్రోగ్రాం. రాసి చేర్చాను. అది సరిగా పనిచేస్తోందా అని చూడడానికి ఇంకో చిన్న పరీక్ష కోడ్ కూడా రాసుకున్నాను. ఖాళీ క్యాను ఉన్నదానికంటే బరువైనదని అది కెర్నల్‌కు అబద్ధం చెబుతుంది. ఆ మేరకు పాల బరువు తగ్గి కనిపిస్తే నా తీసివేత సరిగా జరుగుతున్నట్టు.

ఒక ఉదయం కేంద్రంలోనే ఆ పరీక్ష నడిపి, పరీక్ష కోడ్‌ను తీసేశాను. కంప్యూటర్‌ను ఆపి మళ్ళీ వెలిగించాల్సింది. బయట క్యాన్లతో వరసలో ఉన్న ఆడవాళ్ళు, "ఇంకెంతసేపప్పా, ఎండెక్కతాండాది" అంటున్నారు. అలాగే వదిలేసి వచ్చాను. కోడ్ పోయింది గానీ అది చెప్పిన అబద్ధం కెర్నల్‌లో ఉండిపోయింది. కరెంటు పోతే బ్యాటరీ మీద నడిచే కంప్యూటర్ అది. దానంతట అది ఆగదు.

కొన్నాళ్ళకు యజమాని కబురు పెట్టాడు. పాలు తగ్గుతున్నాయని ఊళ్ళవాళ్ళు గొడవ చేస్తున్నారు.

"మిషను తప్పా, మనిషి తప్పా? అది చెప్పప్పా నువ్వు."

కంప్యూటర్‌లో వెతికాను. తప్పేమీ కనబడలేదు. పరీక్ష నడిచిన జాడ కూడా అందులో లేదు. జాడ వదలమని నేను దానికి చెప్పలేదు కాబట్టి ఉండదు. నడిపింది నేనే అయినా, తీసేశాను కదా అని దాని ఊసే నాకు తట్టలేదు. అదే సమయంలో తూకం దగ్గరి మనిషి చేతికి వాచీ కనబడింది. ముందు ఉందో లేదో నాకు గుర్తులేదు. కొత్తదేననిపించింది.

"మిషను అబద్ధం చెప్పదు" అన్నాను.

మర్నాడే అతన్ని పనిలోంచి తీసేశారు. ఆ రోజంతా కరెంటు లేదు. బ్యాటరీ అయిపోయి కంప్యూటర్ ఆగింది, సాయంత్రం మళ్ళీ వెలిగింది. వెలిగినప్పుడు కెర్నల్ కొత్తగా మొదలవుతుంది, పాత అబద్ధం పోతుంది. అలా బరువులు సరిపోయాయి. జనానికి మాత్రం ఒక్కటే కనిపించింది: వాడు పోయాడు, తూకం సరిపోయింది. నాకూ అంతే కనిపించింది. నా అనుమానం నిజమైందని లోపల కాస్త గర్వపడ్డాను కూడా.

తర్వాత కుప్పంలో ఇంకో కేంద్రానికి అదే ఏర్పాటు చేశాను. అక్కడింకా పనివాళ్ళు చేరలేదు. పరీక్ష నడిపి, తీసేసి, ఖాళీ క్యాను తూకం మీద పెట్టాను. సున్నా రావాలి. సున్నాకు కిందికి వచ్చింది. క్యాను మార్చాను. అంతే వచ్చింది. అనుమానించడానికి ఆ గదిలో నేను తప్ప ఎవరూ లేరు. కంప్యూటర్‌ను ఆపి వెలిగించాను. సున్నా వచ్చింది.

కెర్నల్ రాసేవాళ్ళకు ఒక అలవాటుంది. బయటివాళ్ళ కోడ్ చేరితే, ఇక దీన్ని పూర్తిగా నమ్మొద్దని కెర్నల్ మీదే ఒక గుర్తు వేస్తారు. కోడ్ తీసేసినా, ఆపి వెలిగించేదాకా ఆ గుర్తు పోదు. ఇది నేను చదివినదే. బయటివాళ్ళ కోడ్‌ను అనుమానించాలని తెలిసిన నాకు, నా సొంత పరీక్షను అనుమానించాలని తోచలేదు.

అప్పుడు తోచింది. పరీక్ష నడిస్తే గుర్తు పడేలా, ఆ గుర్తు ప్రతి చీటీ మీదా అచ్చయ్యేలా రాశాను. పుంగనూరులోనూ అదే పెట్టి, కొత్త సౌకర్యమని యజమానికి చెప్పాను. అది ఎందుకు అవసరమైందో చెప్పలేదు. చెబితే నా దుకాణానికి ఎవరు వస్తారు?

ఒకరోజు పుంగనూరు బస్టాండు దగ్గర అతన్ని చూశాను. ఆటో తోలుతున్నాడు. ఖాళీ క్యాన్లతో వచ్చిన ఇద్దరాడవాళ్ళు అతని ఆటో దాటి వెనకదాంట్లో ఎక్కారు.

"దాంట్లో వద్దులేమ్మే. క్యాను కడిగిన నీళ్ళు గూడా మిగలనీడు" అంది ఒకామె. రెండో ఆమె నవ్వింది. అతను విననట్టు అద్దం తుడుస్తున్నాడు.

దగ్గరికి పోయి జరిగిందంతా చెప్పాను. తుడవడం ఆపి విన్నాడు.

"నాకు చెప్తే ఏమొస్తాదప్పా? నేను తినలేదని నాకు తెలీదా? పోయి వాళ్ళకు చెప్పు."

సార్ అనడం మానేశాడు.

మర్నాడు పొద్దున పాలవరస ముందు, యజమాని ఎదురుగా చెప్పాను. అతను కూడా గేటు బయట ఆటో ఆపి, లోపలికొచ్చి నిలబడ్డాడు. ముందున్న పెద్దామె నన్ను ఎగాదిగా చూసింది.

"మిషను అబద్ధం సెప్పదంటివంట ఆ పొద్దు. ఇప్పుడు సెప్తాదంటాండావు. రెండిట్లో యాది నమ్మేది?"

"వాడు ఈయప్పకు ఎంతిచ్చినాడో అడుగుమ్మే" అంది వెనకనుంచి ముందురోజు అతని ఆటో వద్దన్నామె. అందరూ నవ్వారు.

పెద్దామె క్యానే తూకం మీద పెట్టించాను. పరీక్ష నడిపి, తీసేశాను. బరువు తగ్గి వచ్చింది. చీటీ మీద "పరీక్ష నడిచింది" అని గుర్తు పడింది. కంప్యూటర్‌ను ఆపి వెలిగించాను. గుర్తు పోయింది, బరువు సరిగా వచ్చింది. ఆమె అంతసేపూ తూకం వైపు కాదు, నావైపే చూస్తోంది.

"తెలిసినాక గూడా యాల సెప్పలేదు?"

"నా పని పోతాదని భయపడినానమ్మా."

"వానిది పోయింది గదా."



యజమాని అతన్ని మళ్ళీ పనిలోకి రమ్మన్నాడు. "వద్దులేన్నా. రేపు ఇంకేందన్నా తగ్గితే మళ్ళా నా మొగమే సూస్తారు" అని అతను గేటు బయట ఆపిన ఆటో దగ్గరికి వెళ్ళిపోయాడు.

పాలు పోసి వచ్చిన పెద్దామె ఖాళీ క్యానును ఆ ఆటోలో పెట్టి, తానూ ఎక్కి కూర్చుంది. ఆమె వెనకే ఇంకో ఇద్దరు ఎక్కారు. ఎంతిచ్చినాడో అడగమన్నామె ఒక్క క్షణం ఆగి, నన్నూ అతన్నీ మార్చిమార్చి చూసి, క్యాను చంకన పెట్టుకుని నడిచే పోయింది.