తల లేని నర్తకి కప్పులు

2023 నవంబరు 14, మంగళవారం. మస్కట్‌లోని ఒక మ్యూజియం గిఫ్ట్ షాపులో నేను క్యూసీ చూసేదాన్ని. అంటే వచ్చిన ప్రతి వస్తువునూ పరీక్షించి, అమ్మకానికి పనికొస్తుందో లేదో తేల్చడం. సాయంత్రం నాలుగింటికి ఇంప్రెషనిస్టు చిత్రాల ప్రదర్శన మొదలు. బాలే నర్తకుల బొమ్మ వేసిన కప్పులు పదకొండింటికి వచ్చాయి. రెండు పెట్టెలు, ఒక్కోదానిలో నలభై ఎనిమిది.

మొదటి పెట్టెలో నర్తకి నిండుగా, నడిమధ్యన ఉంది. పాస్ చేశాను. రెండో పెట్టెలో అదే నర్తకి అంచుకు జరిగిపోయింది. పక్కమ్మాయికి తలే లేదు. గౌను, కాళ్లు మాత్రమే. మిగతాదంతా ఖాళీ నేల. నలభై ఎనిమిదీ అంతే. రిజెక్ట్ స్లిప్ తీశాను.

కప్పులు తెచ్చిన రాజన్నది జగిత్యాల వైపు. ప్రింటింగ్ కంపెనీలో సబ్లిమేషన్ మెషిన్ నడుపుతాడు. కాగితం మీది బొమ్మను వేడితో కప్పుకు ఎక్కించే పని. స్లిప్ చూడగానే అతని మొహం పాలిపోయింది.

"రాయకున్రి అమ్మా. ఇప్పటికే ఒక వార్నింగ్ ఉన్నది. ఇంకొకటైతే వీసా క్యాన్సిల్ జేసి పంపుతరు."

"తల కోసి తెచ్చి, రాయొద్దంటావేమయ్యా? ముప్ఫై ఒక్క ఏళ్ల ఉద్యోగంలో ఇలాంటి సరుకు చూడలేదు."

"నేను కొయ్యలే. అసలు బొమ్మనే గట్లున్నది. లోపలికి పోయి చూడున్రి. గోడ మీద గూడ తల లేకుంటే గోడకు గూడ స్లిప్ రాస్తరా?"

ఒళ్లు మండింది. స్లిప్పుతోనే హాల్లోకి నడిచాను.

నర్తకి అంచునే ఉంది. పక్కమ్మాయి తల చట్రం దగ్గర తెగిపోయింది. సగం వేదిక ఖాళీ. తెర పక్కనుంచి తొంగిచూసినవాడికి ఎంత కనబడుతుందో చిత్రకారుడు అంతే గీశాడు.

తిరిగొచ్చి స్లిప్పు చింపాను. "మరి మొదటి పెట్టె సంగతేంటి?"

రాజన్న నేల చూపులు చూశాడు. "మీరు వాపసు పంపుతరని భయానికి నేనే నడిమికి జరిపిన. తర్వాత మనసొప్పక రెండోది ఉన్నదున్నట్టు ఏసిన."

నేను పాస్ చేసినవే తప్పుడు కప్పులు. వాటి పాస్ కాగితం మీద సంతకం నాది. దాన్ని కొట్టేసి, "అసలు చిత్రంతో పోల్చకుండా పాస్ చేశాను" అని కారణం రాశాను.

"రేపు పొద్దున్నకల్లా మళ్లీ వేసి తేగలవా?"

"తెస్తనమ్మా. గీసారి జరుపను."

"జరిపినా పట్టుకుంటాను."

నాలుగింటికి షెల్ఫులోకి నలభై ఎనిమిదే వెళ్లాయి, తల లేనివి. ఆ తర్వాత మూలాన్ని పక్కన పెట్టుకోకుండా దేనిమీదా సంతకం చేయలేదు. నా కఠినత్వానికి భయపడి ఒక మంచి పనివాడు తప్పు చేశాడన్నది మాత్రం ఏ స్లిప్పులోనూ రాయలేకపోయాను.